అరుగు మీద తడి జాజు

నా పేరు సత్తెమ్మ. నాకు రాయటం అలవాటు లేదు. చదివింది నాలుగో తరగతి, అది కూడా చివరిదాకా కాదు. తప్పులుంటే చదివేవాళ్ళు సర్దుకోవాలి. రాయమని వెంటపడింది మా పెద్దబిడ్డ విజయ. "నువ్వు నోటితోని చెప్పేదే రాయమ్మా, అక్షరాలు నేను సూసుకుంట" అంది. ఆ మాటను కూడా నేను పూర్తిగా నమ్మలేదు. ఆమె టీచరమ్మగా చేసి రిటైరైన మనిషి, నా కాగితం చేతికొస్తే ఎర్రపెన్ను పట్టకుండా ఉండగలదా? అయినా మొదలుపెట్టాను. ఎందుకంటే మొన్న కోదాడ పోయి వచ్చినప్పటి నుంచి నాకు అన్నం సయించటం లేదు.

కోదాడలో మా చిన్నత్త ఉంది. చిన్నత్త అంటే మా నాయన చెల్లెలు, నాకంటే కొన్నేళ్ళే పెద్ద. ఇప్పుడు మంచం దిగలేదు. మనవడి ఇంట్లో, మెయిన్ రోడ్డు వెనక గదిలో పడుకుని లారీల మోత వింటూ ఉంటుంది. నేను పరామర్శకు వచ్చానని ఇంటిల్లిపాదీ అనుకున్నారు, టీ ఇచ్చారు, బత్తాయిలు ఒలిచి పెట్టారు. కానీ నేను పోయింది ఒక్క మాట అడగటానికి. ఆ రోజు సూర్యాపేటలో మా ఇంటి అరుగు మీద జాజు ఎవరు పూయమన్నారు? ఇది వినటానికి పిచ్చిప్రశ్న లాగా ఉంటుంది. ఆ జాజు వల్లనే నా బడి ఆగిపోయింది. అది పొరపాటున జరిగిందని నేను ఏనాడూ నమ్మలేదు. నలుగురు ఆడవాళ్ళ మీద నాకు అనుమానం ఉండేది. ముగ్గురు పోయారు. మిగిలింది చిన్నత్త ఒక్కతే.

జాజు అంటే ఎర్రమన్ను. నీళ్ళలో కలిపి, గుడ్డపీలికతో గోడల అంచులకూ గడపలకూ అరుగులకూ పూసేవాళ్ళం. పూసినప్పుడు తొలివాన పడ్డ వాసన వచ్చేది. మా ఇల్లు మట్టిగోడల ఇల్లు. నాయన ఎడ్లబండి తోలేవాడు. ఆముదాల బస్తాలు వేసుకుని మిర్యాలగూడ దాకా పోయి వచ్చేవాడు. అందుకే ఇంట్లో ఎప్పుడూ ఆముదం వాసన, బండి ఇరుసుకు పెట్టే కందెన వాసన, పిడకల పొగ కలిసి ఉండేవి. పొద్దున లేస్తే అమ్మ ఇసుర్రాయి ముందు ఉండేది. జొన్నలు విసురుతూ నన్ను ఎక్కాలు అప్పజెప్పమనేది. నేను రెండు రెళ్ళు అంటుంటే ఆ లెక్క మీద రాయి తిప్పేది. నేను ఎక్కడన్నా ఆగిపోతే రాయి కూడా ఆగేది. అమ్మకు ఒక్క అక్షరం రాదు, కానీ నేను తప్పు చెప్పానో, ఒప్పు చెప్పానో నా గొంతును బట్టి పట్టేసేది. నన్ను బడికి పంపాలని నాయనతో కొట్లాడింది అమ్మే. ఈ మాట ఇక్కడ రాసి పెట్టటం అవసరం. తర్వాత జరిగింది ఎందుకు జరిగిందో నాకు అంతుపట్టకపోవటానికి కారణం ఇదే.

బడి అంటే కిరాయి ఇంట్లో రెండు గదులు, ఆడపిల్లలకు మాత్రమే. నిజాం సర్కారు రోజులు కాబట్టి ముందు ఉర్దూ, తర్వాతే తెలుగు. మా పంతులమ్మ పేరు రూతమ్మ. కోదాడ అవతలి ఊరు ఆమెది, మాట కొంచెం ఆంధ్ర మాట. తెల్లచీర కట్టుకుని, గొడుగు పట్టుకుని నడిచి వచ్చేది. నాలుగో తరగతి పరీక్ష దగ్గరికి వస్తున్నప్పుడు ఒకరోజు ఇంటికొచ్చి అమ్మతో చెప్పింది. "ఈ పిల్లను నాలుగుతో ఆపకండమ్మా. పరీక్ష రాయనివ్వండి. నల్లగొండలో ఆడపిల్లల బోర్డింగు ఉంది, నేనే తీసుకెళ్ళి చేరుస్తాను. ఏడు పాసైతే చాలు, పంతులమ్మ ఉద్యోగం పిలిచి ఇస్తారు. ఆడవాళ్ళు దొరక్క అల్లాడుతున్నారు." అమ్మ తల ఊపింది. నేను ఆ రోజంతా చేతికొచ్చిన కట్టెను గొడుగులా పట్టుకుని నడిచాను.

అయితే నా పెళ్ళి అప్పటికే అయిపోయింది. పెళ్ళి గురించి నాకు గుర్తున్నది కొత్తలంగా జరీ నడుముకు గుచ్చుకోవటం ఒక్కటే. మిర్యాలగూడ సంబంధం. అప్పుడు మిర్యాలగూడకు సాగర్ కాలువ లేదు, రైసుమిల్లులు లేవు, జొన్నలూ ఆముదాలూ పండే మెట్టనేల. ఆ రోజుల పద్ధతి ఏమిటంటే, చిన్నపిల్లకు పెళ్ళి చేసినా పెద్దమనిషయ్యేదాకా తల్లిగారింట్లోనే ఉంచుతారు. అయిన రోజే అత్తగారి హక్కు మొదలవుతుంది. అంటే నాకు బడి ఎంతకాలమో నిర్ణయించేది నా ఒళ్ళు. అందుకని ఇంట్లో అందరి కళ్ళూ నా మీదనే. ముఖ్యంగా నాయనమ్మ కళ్ళు. కళ్ళంటే తప్పు, ముక్కు. నాయనమ్మ చుట్ట తాగుతూ గడపలో కూర్చునేది, అయినా ఆ ముక్కు చెడలేదు. పక్కింట్లో ఏం కూర వండారో చెప్పేది. తీగ మీద ఆరేసిన బట్టలు మడతపెట్టే నెపంతో ఒక్కొక్కటీ వాసన చూసేది. నాకు అది చూస్తే ఒళ్ళు మండేది.

మిర్యాలగూడ అత్తమ్మ కూడా అనుమానం మనిషే. నేను బడికి పోతున్నానని ఎవరో ఆమె చెవిన వేశారు. నల్లగొండ మాట కూడా పడిందేమో తెలియదు. ఒకనాడు బండి కట్టించుకుని దిగింది. ఆమె వస్తుందని కబురు రాగానే ఇల్లు అలికారు, గోడలకూ అరుగుకూ జాజు పూశారు. వచ్చి మంచం మీద కూర్చుని నన్ను పైనించి కిందిదాకా చూసింది. బిందె ఎత్తమంది, ఎత్తాను. నడవమంది, నడిచాను.

"పిల్ల నా భుజాల దాంక వొచ్చింది. ఇంకా కాలేదంటే నమ్మమంటవా వదినె?" అంది అమ్మతో.

"అయితే చెప్పమా వదినె? దాస్తె దాగేదా అది?" అంది అమ్మ.

"ఏమో. సదువుకు పంపాలని దాస్తున్నరంటున్నరు జనం."

"జనం నోరేంది, ఏమన్న అంటరు" అంది నాయనమ్మ పొగ వదులుతూ. కానీ అన్న తీరులో, అడిగినవాళ్ళకే వత్తాసు ఉన్నట్టు నాకు అనిపించింది.

మర్నాడు పొద్దున పలక తీసుకుని అరుగు మీదికి పోయాను. గుంజ పక్కన ఒక మూల నాది. అక్కడ కూర్చుంటే వీధిలో పంతులమ్మ గొడుగు కనపడుతుంది. గొడుగు కనపడగానే లేచి వెనక నడిచేదాన్ని. ఆ వేళ కూడా కూర్చున్నాను, పాఠం చదువుకున్నాను, గొడుగు కనపడింది, లేచాను. వెనక నుంచి నాయనమ్మ కేకేసింది.

"ఓ పోరి, ఆగు! గిదేందే నీ లంగ మీద?"

వెనక్కి తిప్పి చూసుకున్నాను. ఎర్రగా ఉంది. "జాజు నాయినమ్మా. అరుగు తడిగున్నది."

"జాజట!" అత్తమ్మ లోపలి నుంచి వచ్చి నవ్వింది. "నేను గూడ గట్లనే అన్న మా అవ్వతోని. తమలపాకు ఉమ్మిన్నని చెప్పిన."

"నిజంగ జాజే! చిన్నత్తను అడుగుండ్రి. చిన్నత్తా, నువ్వే గదా పూసింది?"

చిన్నత్త నీళ్ళకుండ దగ్గర నిలబడి ఉంది. నా వైపు చూడలేదు. "నేను నిన్ననే పూసిన. ఎండిపోయింది గద" అంది.

"సూసినవా, ఎండిపోయిందట" అంది అత్తమ్మ. "ఎన్ని నెలల సంది దాస్తున్నరో ఏమో. తల్లీబిడ్డలు తోడుదొంగలు."

నేను ఏడ్చాను, కాళ్ళు నేలకేసి కొట్టాను. నేను ఎంత కాదంటే వాళ్ళు అంత ఔనన్నారు. ఇన్నాళ్ళూ దాచింది కాబట్టే ఇప్పుడింత ఏడుస్తున్నది అన్నారు. ప్రతిదాన్నీ వాసన చూసే నాయనమ్మ ఆ ఒక్క లంగాను మాత్రం చూడలేదు. ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుంటే మన్ను వాసన తెలిసిపోయేది. ఎందుకు పెట్టుకోలేదు? ఇంకొకటి ఉంది. మిగతా అరుగంతా ఎండే ఉంది, తడి ఉన్నది నా మూల ఒక్కచోటనే. నిన్న పూసిన జాజు ఒక్క మూలలోనే తెల్లారేదాకా తడిగా ఎట్లా ఉంటుంది?

అందరూ అమ్మ వైపు చూశారు. అమ్మ చేతులకు జొన్నపిండి ఉంది. నన్ను చూసింది, లంగాను చూసింది, అరుగును చూసింది. అమ్మకు తెలుసు. నేను ఎక్కం తప్పు చెప్తే గొంతులోనే పట్టే మనిషికి, నేను నిజం చెప్తున్నానని తెలియదా? ఒక్క మాట అంటే అయిపోయేది. అమ్మ అనలేదు. "లోపలికి రా బిడ్డా" అంది, అంతే.

బట్టలుతికే ఎల్లమ్మను పిలిచారు. అప్పట్లో ఆ బట్ట ఆమెకే ఇచ్చేవాళ్ళు, వాడకట్టంతా తిరిగి పేరంటానికి పిలిచేది కూడా ఆమే. ఎల్లమ్మ లంగాను చేతిలోకి తీసుకుని, అమ్మను అడిగింది. "అందరికి చెప్పి రావాల్నా అక్కా?" అమ్మ చేతుల పిండి దులుపుకుంది. ఎల్లమ్మ మళ్ళీ అడిగింది. "చెప్పినంక మళ్ళ మర్లెయ్యరాదు. చెప్పి రావాల్నా?"

"చెప్పిరా" అంది అమ్మ.

నన్ను మూలన చాప మీద కూర్చోబెట్టారు. నువ్వులూ బెల్లం దంచి ముద్దలు పెట్టారు, పచ్చికొబ్బరి తినిపించారు. ఆడవాళ్ళు వచ్చి పాటలు పాడారు. నాకు కానిదానికి నాకు హారతి పట్టారు. రూతమ్మ పంతులమ్మ కూడా వచ్చింది, పేరంటానికి కాదు. గడప అవతలే నిలబడి, "పెద్దమనిషైతే ఏమైందమ్మా? నాలుగు రోజులాగి పరీక్షకు పంపండి. పరీక్ష రాసి పోతుంది" అంది. నాయనమ్మ, "మా ఇంటి ముచ్చట మేం సూసుకుంటం పంతులమ్మా" అంది. పంతులమ్మ అమ్మ కోసం చూసింది. అమ్మ దొడ్లోకి పోయింది. మళ్ళీ ఆమెను నేను చూడలేదు.

నన్ను బండి ఎక్కించే రోజు నాయన ఎడ్లను కడుతుంటే, అమ్మ నా తలలో పూలు సర్దుతున్నట్టు వంగి చెవిలో చెప్పింది. "బిడ్డా, నెల తిరగంగనే మూడు దినాలు దూరం గూసో. ఎవరన్న అడిగితె అయిందను. ఏ నెలా మర్వకు." అప్పుడు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ మాట నన్ను వదల్లేదు. నిజంగా పెద్దమనిషైన పిల్లకు ఆ మాట ఎవరన్నా చెప్తారా?

మిర్యాలగూడలో అత్తమ్మ నన్ను తన పక్కనే పడుకోబెట్టుకునేది. పెళ్ళికొడుకు ఆ ఊళ్ళో లేడు. రజాకార్ల భయానికి వయసు మగపిల్లలను సరిహద్దు దాటించి చుట్టాల ఊళ్ళకు పంపిన రోజులవి. పోలీసు చర్య అయ్యాక కూడా ఆయన వెంటనే రాలేదు. నేను ఆముదాలు ఒలిచేదాన్ని, పేడ ఎత్తేదాన్ని, నెలకోసారి అమ్మ చెప్పినట్టు దూరం కూర్చునేదాన్ని. ఒక నెల పనిలో పడి మర్చిపోయాను.

"ఏందే, ఈ నెల బయట గూసోలే?" అంది అత్తమ్మ.

"మర్సిపోయిన అత్తమ్మా" అన్నాను.

అత్తమ్మ చేతిలో చాట అట్లాగే ఆగింది. నన్ను చాలాసేపు చూసింది. ఆ చూపులో అనుమానం తీరిపోవటం నాకు కనపడింది. నన్ను తిరిగి మా ఇంటికి పంపిస్తుందని, పరీక్ష మళ్ళీ ఏడాదికి రాయొచ్చని ఒక్క క్షణం ఆశ పడ్డాను. ఆమె మళ్ళీ చాటతో చెరగటం మొదలుపెట్టింది. "సరె, గా కుప్ప గూడ ఒలువు" అంది. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. నేను నిజంగా పెద్దమనిషైంది ఆ ఇంట్లోనే, చాలా రోజుల తర్వాత. ఎవరూ పాట పాడలేదు. నేను ఎవరికీ చెప్పలేదు.

మొన్న కోదాడలో అందరూ గదిలోంచి పోయాక చిన్నత్త చెవి దగ్గర అడిగాను. "చిన్నత్తా, ఆ జాజు తెల్లారినంక మళ్ళ పూసినవు గదా. ఎవరు పూయమన్నరు?"

ఆమె కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. "మీ అమ్మనే" అంది. "పొద్దుగాల లేపి, సత్తెమ్మ కూసునే కాడ ఇంకో పూత పూయమన్నది. ఎండిందని చెప్పుమన్నది."

"ఎందుకే?"

"భయం. బడి తొవ్వల తుపాకులోల్లు తిరుగుతున్నరు. పంతులమ్మేమో నల్లగొండ తీస్కపోత అంటుండె. మీ అత్తేమో పిల్లను పంపకుంటె పిల్లగానికి వేరే పెండ్లి చేస్త అన్నది. గా నడుమ మీ అమ్మ ఏం జేస్తది?"

నిజమే కావచ్చు. ఆ రోజుల్లో భయం ఉత్తది కాదు, సాయంత్రమైతే తలుపులు గడియ పడేవి. కానీ నా బుద్ధి ఊరుకోదు. చిన్నత్తను ఇచ్చింది ఈ కోదాడకే, మా అత్తమ్మ అన్న కొడుకుకే. ఆ సంబంధం ఊగిసలాడుతూ ఉండి, నన్ను మిర్యాలగూడ పంపిన వెంటనే ఖాయమైంది. చెప్పింది అమ్మా, లేక చిన్నత్త తన సంబంధం కోసం తనే పూసి, పోయిన మనిషి మీద పెడుతున్నదా? మొహం చూస్తే తెలుస్తుందని వంగి చూశాను. ముడతలు తప్ప ఏమీ కనపడలేదు. బత్తాయి తొనలు నోట్లో పెట్టి వచ్చాను. బస్సులో సూర్యాపేట దాకా నా పక్కన ఒక కాలేజీ అమ్మాయి కూర్చుంది, ఫోన్లో పాఠం వింటున్నది. నేను ఉండబట్టలేక "పెండ్లి సంబంధాలు సూస్తున్నరా బిడ్డా?" అని అడిగాను. "చదువైపోయినంకనే అన్నరు అమ్మమ్మా" అంది. ఎవరన్నారు, ఎట్లా అన్నారు, నీ ఎదురుగా అన్నారా అని ఇంకా అడగబోయి ఊరుకున్నాను. రోజులు మారాయని అందరూ అంటారు. మారాయి కూడా. మా వాడకట్టులో స్కూటరు తోలని ఆడపిల్ల లేదు. కానీ పదో తరగతి కాగానే ఏదో ఒక పిల్ల కనపడకుండా పోతుంది, అడిగితే మేనమామ ఊళ్ళో ఉందంటారు. నేను నమ్మను.

చిన్నత్త మాట పక్కన పెట్టినా, అమ్మ గురించి నాకు తెలిసిన సంగతి ఒకటుంది, అది చెప్పి ఆపేస్తాను. మా విజయ హైస్కూల్లో చదివేటప్పుడు, సాగర్ కాలువ వచ్చి మిర్యాలగూడలో మిల్లులు లేస్తున్న రోజుల్లో, అది పెద్దమనిషైంది. నేను ఎవరికీ చెప్పలేదు. దాని నాయనకు కూడా చెప్పలేదు. బట్టలు నేనే ఉతికి దూలం కింద ఆరేసేదాన్ని. పదో తరగతి పరీక్ష దాటేదాకా దాచాలని నా పట్టుదల. అత్తమ్మకు అనుమానం వచ్చింది. ముసలితనంలో కూడా ఆ చూపు తగ్గలేదు. వరసైన పిల్లగాణ్ణి కూడా చూసి పెట్టుకుంది. అప్పుడే మా అమ్మ చూడటానికి వచ్చింది. వచ్చిన రోజే దూలం కింద తడిబట్టలు చూసింది, నా మొహం చూసింది, ఏమీ అనలేదు. ఆనాటి లాగే ఈసారి కూడా ఊరుకుంటుందని అనుకున్నాను.

మధ్యాహ్నం వియ్యపురాళ్ళిద్దరూ వసారాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. నేను తలుపు అవతల ఉన్నాను. నా ప్రాణం చెవుల్లో ఉంది.

"నువ్వు జెప్పు వదినె, నీ వియ్యపురాల్ని, నాతోని నిజం జెప్పు. విజయ పెద్దదైందా లేదా?" అంది అత్తమ్మ.

"ఏడ వదినె. ఇంకా చిన్నపోరి."

"నీ బిడ్డకు గంత జల్ది అయింది. దాని బిడ్డకు ఇంత ఆలిస్యమా?"

చాట కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత అమ్మ గొంతు, ఏ మాత్రం వణకకుండా. "నా బిడ్డకు గూడ గాలే వదినె. నాకెరుక, నీకెరుక."

అత్తమ్మ అంది. "ఎరుకే."

"మరి గప్పుడు ఎరుక లేనట్టున్నం గదా ఇద్దరం. ఇప్పుడు గూడ గట్లనే ఉందాం. పోరి పరీచ్చ రాసుకుంటది."

 విజయ పరీక్ష అయ్యేదాకా అత్తమ్మ ఆ ఊసు ఎత్తలేదు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. సంతోషం కలగాలి కదా, కలిగింది కూడా. కానీ అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. ఆ మాట అనటం అమ్మకు చేతనవును. ఆనాడు కూడా చేతనయ్యే ఉంటుంది. భయపడి ఊరుకుందా, ఇష్టపడి ఊరుకుందా అని ఆమె బతికున్నన్నాళ్ళూ నేను అడగలేదు, ఏం చెప్పినా నమ్మనని నాకే తెలుసు కాబట్టి. బడి విడిచే వేళయింది. విజయ ఆకలితో వస్తుందని పొయ్యి ముట్టించటానికి లోపలికి పోయాను.